బొటనవేలంత బెల్లం

(వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై ఏడు, మార్చి నెల. బూర్గంపాడుకు దూరంగా, వాగు అవతల ఉన్న తండా. పొద్దు బారెడెక్కింది. తండాకు పెద్దయిన నాయకు లాల్‌సింగ్, భార్య జమ్లి ఇంటి ముందు మిరప కళ్లంలో తాలుకాయలు ఏరుతున్నారు. కొడుకు హరిలాల్ సైకిలు స్టాండు వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తండాలో తల్లిని 'యాడి' అంటారు.)

"నేను అడిగేది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి. ఎట్ల బాపూ?"

"ఇంటనే ఉన్న బిడ్డా. చెవులు పనిచేస్తున్నయి, చేతులు సుత పనిచెయ్యాలె గద. ఆ గంప ఇటు జరుపు."

"గంప జరుపుత. ముందు జవాబు చెప్పు."

"ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు. కలిసినయంటే ఖమ్మంల ఒక్క చూపుతోనే రేటు కోస్తరు. బి.ఏ. చదివినోనికి నేను చెప్పాల్నా?"

"నేను మిరపకాయల సంగతి అడగలే. ఓట్ల సంగతి అడిగిన."

"రెండొందల పన్నెండు."

"ఏంది?"

"మన తండా ఓట్లు. అడిగితివి గద."

"బాపూ!"

"అబ్బ, వాణ్ని ఇన్ని మంచినీళ్లన్న తాగనియ్యవయ్యా. నిన్న పొద్దున పోయినోడు ఇప్పుడొచ్చిండు. హరీ, తిన్నవా బిడ్డా?"

"తిన్న యాడీ."

"ఏడ తిన్నవు?"

"పిచ్చయ్యగారి ఇంట్ల."

"ఇన్నవా జమ్లీ? పిచ్చయ్యగారి ఇంట్ల తిన్నడంట మండల ప్రెసిడెంటు."

"ఇంక కాలే బాపూ. నిలబడ్డ, అంతే."

"అయినట్టే అనుకో. మరి ఏడ కూసోబెట్టి పెట్టిన్రు? లోపలనా, వరండలనా?"

"గది ఇప్పుడెందుకు?"

"ఊకనే అడుగుతున్న."

"వరండల."

"ఆఁ."

"ఏం ఆఁ? రావుగారి ఇంట్ల నీకు పెట్టేది ఏడ? వరండలనే గద."

"నేను కాదన్ననా? ఈ రాష్ట్రం కట్టిన కొత్తల నుంచి నేను ఆ వరండలనే తింటున్న. రావుగారు, పిచ్చయ్య ఇద్దరు ఒక్క ఊరోళ్లు. కిష్ణ అవతలి నుంచి ఒక్క లారీల సామాన్లు ఏసుకొని వచ్చిన్రు. మొదటి సమితి ఎలక్షన్ల ఎవరి మనిషిని నిలబెట్టాలె అనే కాడ మాటామాట అయింది. గంతే, అప్పటి సంది ఆయన అటుంటే ఈయన ఇటు. పార్టీలు మారిన్రు, జెండాలు మార్చిన్రు, కొట్లాట మాత్రం అదే. కుర్చీల మొదట కోయ అన్నలను కూసోబెట్టిన్రు. మనల్ని ఎస్టీ లిస్టుల కలిపినంక మనల్ని కూసోబెడుతున్రు. ఆయనకు కిషన్‌లాల్ దొరికిండు. ఈయనకు నువ్వు దొరికినవు."

"కిషన్‌లాల్, నేను ఒక్కటేనా? వాడు రావుగారి ట్రాక్టరు తోలేటోడు. రేపు గెలిచినా రావుగారు ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడతడు."

"నువ్వు చదివి పెడతవు. గంతే గద ఫరక్."

"చూసినవా యాడీ, బాపు మాటలు?"

"నన్ను మధ్యల గుంజకు. నేను నిన్ను నిలబడొద్దన్న. మొదటి దినమే అన్న. ఇన్నవా?"

"నువ్వు ఎందుకు వద్దన్నవో ఇప్పటిదాక చెప్పలే."

"వద్దంటే వద్దు. తల్లి అన్నంక కారణం ఎందుకు?... ఇస్స్!"

"ఏమైంది?"

"ఏంలే. వేలు మండింది."

"ఆ పాత కొడవలి గాటు మల్ల పగిలి కారం పడ్డదా? గుడ్డ చుట్టుకోమంటె చుట్టుకోవు."

"చుట్టుకుంట గానీ... నువ్వు మీ బాపుతోని నెమ్మదిగ మాట్లాడు."

"నెమ్మదిగనే అడుగుతున్న. బాపూ, నేను కుర్చీ కోసం నిలబడలే. వాగు మీద చప్టా కోసం నిలబడ్డ. వానాకాలం నాలుగు నెలలు తండా ఇవుతలనే ఉంటది, దవాఖానా అవుతల ఉంటది. పోయిన ఏడు మంగ్లి అక్క కాన్పు నొప్పులతోని ఒడ్డు మీద పొద్దంత కూసున్నది. నీకు గుర్తులేదా?"

"గుర్తున్నది. చప్టాకు పునాదిరాయి ఏసిన దినం సుత గుర్తున్నది. మొదటి సమితి ప్రెసిడెంటు వచ్చి ఏసిండు. నగారా కొట్టిన్రు. మీ యాడి ఆడింది."

"కాళ్లు నొచ్చేదాక ఆడిన."

"ఆ రాయి ఇప్పుడు ఏడున్నది జమ్లీ?"

"తుల్సీరాం ఇంటి ఎనక. బట్టలుతుకుతరు."

"పోనీ, పనికైతే వచ్చింది."

"నవ్వుడు కాదు బాపూ. పిచ్చయ్యగారు ఈసారి రాసిస్తనన్నడు. మండలం చేతికొస్తే మొదటి పని చప్టా."

"పిచ్చయ్యకు జీపు ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"రావుగారికి?"

"ఉన్నది."

"జీపున్నోనికి చప్టాతోని ఏం పని బిడ్డా? చప్టా పడితే నువ్వు నేను వాళ్ల జీపు కోసం ఎందుకు నిలబడతం? అది సరే, ఆ తుల్సీరాం నీకు డమ్మీగ నామినేషన్ ఏసిండంట, నిజమేనా?"

"అవ్. నా కాయితాల్ల ఏమన్న తప్పు దొరికితే వాడుంటడని ఏయించిన. ఇయ్యాల మూడు గంటల దాక విత్‌డ్రా టైము ఉన్నది. చేసుకుంటడు."

"వాడు ప్రెసిడెంటు క్యాండేటు! మైకు ముందల నిలబడితే వాని నాలిక అంగిట్లకు అతుక్కపోతది."

"మైకుతోని ఏం పని, ఒక్క సంతకం పెడితే అయిపాయె."

"వాడు సుత పిచ్చయ్యగారి వరండల తిన్నడా?"

"తినలే. రమ్మన్నా రాలే. సద్ది కట్టుకొచ్చుకున్నడు. మండలాఫీసు మెట్ల మీద కూసోని తిన్నడు."

"ఊఁ."

"మాట మారుస్తున్నవు బాపూ. రావుగారు ఎన్ని గంటలకు వస్తడు?"

"పగటీలికి."

"వస్తడు. జీపుల బెల్లం దిమ్మ తెస్తడు. భవానీ గుడి ముందల అందరు కూసుంటరు. నువ్వు నిలబడి 'తండా మాట రావుగారికే' అంటవు. తలా ఇంత బెల్లం నోట్లో ఏసుకుంటరు. ఇంక అయిపాయె, రెండొందల పన్నెండు ఓట్లు కిషన్‌లాల్‌కు పోతయి. నా తండాల నాకు ఒక్క ఓటు లేదు!"

"పెట్టెల ఏసేటప్పుడు ఎవరు చూస్తరు? నీ ఓటు నువ్వు ఏసుకో."

"మన తండాల పుట్టినోడు బెల్లం తిని ఇంకో గుర్తు మీద ముద్ర ఏస్తడా? నువ్వే చెప్పు."

"ఎయ్యడు."

"పోరగాళ్లంతా నా దిక్కే ఉన్నరు. పొలం కాడ, బాయి కాడ, ఏడ కలిసినా 'అన్నా, నీకే' అంటరు. 'కానీ నాయకు మాట ఇచ్చి ఉన్నడు గద అన్నా' అంటరు. ఆడ ఆగిపోతరు. నువ్వు ఒక్కనివి కదిలితే చాలు బాపూ, తండా కదులుతది. మండలంల మిగతా ఊర్లు సగం సగం ఉన్నయి. మన తండా ఎటుంటే అటే గెలుపు."

"మాట ఇచ్చిన."

"తిరిగియ్యి."

"ఏంది?"

"మాట తిరిగియ్యి అంటున్న. ఏరే తండాల్ల ఎట్లనో నాకు తెల్వదు గానీ మన తండాల తొవ్వ ఉన్నది. బెల్లం తిన్నోడు, ఎంత తిన్నడో అంత బెల్లం తెచ్చి, పదిమంది ముందల, ఇచ్చినాయన చేతుల పెట్టాలె. తలపాగ తీసి కింద పెట్టాలె. గట్ల చేస్తే మాట తప్పినట్టు కాదు, తీరిపోయినట్టు. మా తాత చేసిండని నువ్వే చెప్పినవు."

"సగం చెప్పినవు. ఇంకో సగం చెప్పు."

"...తలపాగ తీసినోడు మల్ల పెద్దరికం చెయ్యొద్దు."

"ఇంకా?"

"పంచాయతీల నోరిప్పొద్దు. ఏ కుర్చీ ఎక్కొద్దు."

"ఎన్నాళ్లు?"

"చచ్చెదాక."

"ఆఁ. చచ్చెదాక. మీ తాత పదకొండేండ్లు గుడిసె ముందల నోరు మూసుకొని కూసున్నడు. నా లగ్గం మాట సుత పరాయోళ్లు మాట్లాడిన్రు."

"నీకు ఇప్పుడు అరవై దాటినయి బాపూ. ఇంక ఏం పెద్దరికం చేస్తవు? మేకలు తప్పిపోయినయి, గట్టు జరిపిండు, గీ పంచాయతీలే గద. అవి ఎవరన్న చేస్తరు. నీ తలపాగ పోతే ఏం పోతది? చప్టా వస్తది."

"నాతోని కాదు."

"కాదా, ఇష్టం లేదా?"

"కాదు."

"గా గుడ్డ దించనీకి గంత బరువా బాపూ? కొడుకు కన్నా బరువా?"

"హరీ! నాలిక కోస్త."

"కొయ్యి యాడీ. ఊరంతా ఏమంటున్నదో తెలుసా? లాల్‌సింగ్ నాయకు రావుగారి జీతగాడని. హాస్టల్ల నా ఎనక అనేటోళ్లు. ఇప్పుడు నా ముందలనే అంటున్రు."

"అననియ్యి."

"నువ్వు అననిస్తవు. నేను ఎందుకు పడాలె?"

"నా పాణం ఉన్నన్ని రోజులు అని మాట ఇచ్చిన. గంతే. ఇంక అడగకు."

"అంటే నువ్వు పోయెదాక మేము..."

"ఏమన్నవురా?"

"అనలే యాడీ."

"అనబోయినవు. పొద్దుగాల్నే తండ్రి చావు నోట్లకొచ్చింది నీకు. నీకు! నీకు ఆ మాట ఎట్లొచ్చిందిరా?"

"జమ్లీ. ఊకో."

"ఊకోను."

"నాకు తెల్వదనుకుంటున్నవా యాడీ ఆ మాట ఎందుకిచ్చిండో? నా కోసమే ఇచ్చిండు. ఏడేండ్లయింది. నేను ఇంటర్ చదివేటప్పుడు జొరం తలకెక్కింది. వానలు. ఎడ్లు నీళ్లల్ల దిగనంటే దిగనన్నయి. ఒడ్డు మీద రావుగారి జీపు ఉన్నది. అదొక్కటే దాటుతది. ఆయన తాళంచెవి గుప్పిట్ల పట్టుకొని, 'సమితి ఎలక్షన్లు వస్తున్నయి, తండా మాట ఏందో చెప్పు లాల్‌సింగ్' అన్నడు. బాపు బెల్లం తిని మాటిచ్చిండు. అప్పుడు ఇంజను లేసింది. నిజమేనా బాపూ?"

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"నువ్వే చెప్పినవు."

"అవ్. నేనే చెప్పిన."

"నా మీద దయతోని ఇచ్చిన మాట అని నాకు తెలుసు. అందుకే ఇన్నేండ్లు అడగలే. కానీ అది మాట కాదు బాపూ, మెడ మీద కత్తి పెట్టి తీసుకున్నది. గసుంటి దానికి నువ్వు ఏడేండ్లు కట్టుబడి ఉన్నవు. చాలు. ఇయ్యాల తలపాగ తీసి ఇచ్చెయ్యి. నీ కొడుకు తల ఎత్తుకుంటడు. ఏమన్న అను బాపూ."

"ఆ తాలుకాయ ఎర్రటిదాంట్ల ఏసినవు చూడు."

"నీకు దండం పెడత..."

"తీసెయ్యి దాన్ని."

"యాడీ, నువ్వన్న చెప్పు. నువ్వెందుకు ఏడుస్తున్నవు?"

"మిరపకాయ ఘాటు."

"ముప్పై ఏండ్ల సంది ఏరుతున్నవు, ఎన్నడు ఏడ్వలే."

"అదిగో, సప్పుడు. జీపు వాగుల దిగింది."

"అప్పుడేనా? ఎండ ఇంక నెత్తి మీదికి రాలే."

"జల్దీ ఉన్నట్టున్నది ఆయనకు. హరీ, నువ్వు సైకిలెక్కి పో బిడ్డా. గుడి కాడికి రాకు."

"నేనెందుకు పోవాలె? నా తండా ఇది. గుడి ముందలనే నిలబడత. బెల్లం పంచేటప్పుడు అందరి ముందల అడుగుత. 'మా బాపును బెదిరించి తీసుకున్న మాట అది' అని రావుగారి మొఖం మీద అంట."

"అనొద్దు!"

"ఎందుకు?"

"అనొద్దంటే అనొద్దు. రావుగారు నిన్న మీ బాపుకు కబురు పంపిండు. తండా అటుఇటు అయ్యేటట్టుంటే గుడి ముందల అసలు సంగతి ఇప్పుత అన్నడు."

"ఏం అసలు సంగతి?"

"జమ్లీ, నువ్వు లోపలికి పో."

"పోను. ఏడేండ్ల సంది లోపలికే పోతున్న."

"పో అన్ననా?"

"పోను అన్ననా? ఆయన నోటితోని ఇనుడు కంటే నా నోటితోని ఇననియ్యి వాణ్ని."

"ఒట్టు పెట్టుకున్నం మనం."

"నువ్వు పెట్టుకున్నవు. నేను తల ఊపిన, గంతే. హరీ, ఇటు చూడు. ఈ వేలు చూడు."

"చూసిన. కొడవలి గాటు."

"కొడవలిది కాదు. నీ పన్ను."

"నా... ఏంది?"

"ఆ దినం మీ బాపు చెయ్యి చాపిండు. బెల్లం నాకియ్యి, నేను తింట, మాటిస్త అన్నడు. రావుగారు నవ్విండు. 'నువ్వు పండిన ఆకువు లాల్‌సింగ్, నీ మాట ఎన్నాళ్లు నిలుస్తది? ఎవని కోసం జీపు నడవాల్నో వాణ్నే తినమను' అన్నడు. నీకు సోయి లేదు. గొంగట్ల చుట్టి పండబెట్టినం. పండ్లు గిట్టకరుచుకున్నయి. నేనే వేలు పెట్టి ఇడదీసిన. నాలిక కింద పెట్టిన. కొరికినవు. ఒక దిక్కు నెత్తురు కారుతున్నది, నేను గొంతు నిమురుతున్న, మింగు బిడ్డా, మింగు అని. మింగినవు. అప్పుడు తాళంచెవి తిప్పిండు."

"బాపూ... నిజమేనా?"

"అవ్."

"మరి మాట? నీ పాణం ఉన్నన్ని రోజులు అంటివి గద?"

"నా పాణం కాదు బిడ్డా. 'ఈ పిలగాడు బతికున్నన్ని రోజులు ఈ తండా ఓటు నీదే' అన్న. ఆయన గట్లనే అనమన్నడు. ఎనక నేను కాళ్లు పట్టుకున్న. బెల్లం నేను తిన్న అని తండాకు చెప్పనియ్యమని. వాడు చదువుకుంటున్నడు, ఎప్పుడన్న నలుగుట్ల నిలబడాలె, వాని మెడకు ఇది వద్దు అని. సరే పో అన్నడు. తండా అటుఇటు కానంత కాలం నేను చెప్పను అన్నడు."

"అందుకే నన్ను నిలబడొద్దన్నవా యాడీ?"

"మాట తప్పితే ఆ జొరం మల్ల వస్తదేమో అని. నవ్వుకో. బి.ఏ. చదివినవు, నవ్వుకో."

"నవ్వుతలేను యాడీ."

"మీ యాడి వద్దన్నా నువ్వు నిలబడ్డవు. నాకు రెండే తొవ్వలు కనపడ్డయి బిడ్డా. తండా నీ దిక్కు వస్తే నీ మాట తప్పినట్టు. తండా ఆయన దిక్కు పోతే నీ మాట నిలబడ్డట్టు. నువ్వు ఓడాలె, బతకాలె. నన్ను జీతగాడన్నరు, అననిచ్చిన. నీ ఓటమికి నేనే నగారా కొట్టాలె అనుకున్న."

"తలపాగ తియ్యమని నిన్ను పొద్దుటి సంది సతాయించిన."

"తీస్తే పని అయ్యేదుంటే ఎన్నడో తీసేటోణ్ని. తిన్నది నేనైతే గద."

"జీపు ఒడ్డెక్కింది. ఇనపడుతున్నదా? మలుపు తిరిగింది. హరీ, నేను చెప్పిన గద, పో బిడ్డా, ఎనక దిక్కు నుంచి పో."

"ఏడికి పోతా యాడీ? కూసో. తుల్సీరాం ఏడున్నడు?"

"వాడెందుకిప్పుడు? మండలాఫీసుకు బయలెల్లిండు. విత్‌డ్రా చేసుకోవాలె అన్నవు గద."

"ఎవరినన్న సైకిలు మీద ఉరికియ్యి బాపూ. వాణ్ని చేసుకోవద్దని చెప్పమను. చేసుకునేది నేను."

"వాడా? వానికి నోట మాట రాదు గద!"

"రాకపోతే ఏమాయె? సద్ది తిన్నడు గద మెట్ల మీద."

"హరీ, నువ్వు ఏం చేస్తున్నవో ఆలోచన చేసుకో. కుర్చీ అన్నవు, చప్టా అన్నవు... చచ్చెదాక బిడ్డా. నీకు ఇరవై నాలుగేండ్లు."

"తెలుసు బాపూ. ఇంతకుముందే నేనే నీకు చెప్పిన గద, ఏం పోతది అని. యాడీ, ఆ దినం బెల్లం ఎంతుండె?"

"ఏంది?"

"నా నోట్లో పెట్టింది. ఎంతుండె?"

"...నా బొటనవేలంత."

"ఇంట్ల ఉన్నదా అంత?"

"ఉన్నది. ఉట్టి మీద ఉన్నది. హరీ..."

"తీస్కరా. బాపూ, నీ తలపాగ ఒక్కసారి నాకియ్యి. తీసి కింద పెట్టనీకి నా నెత్తి మీద ఏదన్న ఉండాలె గద."